చింతపండు గోడౌన్‌లో వాన

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎవరికైనా జీతం కన్నా తెల్లకోటు మీదే మోజు ఎక్కువ. అది తొడుక్కుంటే దయ్యాలు కూడా పక్కకు తప్పుకుంటాయని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం తమిళనాడులో నల్లంపల్లి దగ్గర ఒక పాత చింతపండు గోడౌన్‌లో, పట్టపగలే పోయింది.

మా పని చెప్పుకోవడానికే గొప్పది. చేపల మేతలో ఎండుచేపల పొడికి బదులు పురుగులు వేస్తే, చేప పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు ఎలా మారతాయో చూడాలి. (పెళ్లిచూపుల్లో ఈ ముక్క చెప్పి ఒక మంచి సంబంధం పోగొట్టుకున్నాను.) ఒక రకం నల్ల ఈగ పిల్లపురుగులను టబ్బుల్లో పెంచి, ఒక్కో టబ్బులోవి అదే నంబరు ట్యాంకులోని జిలేబీ అనే రకం చేపలకు బతికుండగానే వేసేవాళ్లం. ఆ టబ్బుల కోసమే గోడౌన్ అద్దెకు తీసుకున్నాం. దాని యజమానురాలు తెలుగు శెట్ల ఇంటి పెద్దావిడ, ఊరందరికీ అవ్వ. వాళ్లు మాంసం ముట్టని వాళ్లు కాబట్టి చేపల మాటా పురుగుల మాటా అవ్వ దగ్గర ఎత్తవద్దని ఆమె కొడుకు ముందే బతిమాలాడు. ఆమెతో 'మేత' అని మాత్రం చెప్పాడట.

పురుగులు చిన్నవిగా ఉన్నన్నాళ్లూ చప్పుడు లేదు. రోజూ ఉదయమే వెళ్లే నేను ఒకరోజు మధ్యాహ్నం వెళ్లాను. లోపలికి పోయి తలుపు మూసుకోగానే వాన వినిపించింది. బయట రాళ్లు పగిలే ఎండ, లోపల చీకట్లో సన్నని, ఆగని వాన. బలిసిన పురుగులు ఒకదాని మీద ఒకటి పాకే చప్పుడది. ఆ సంగతి నా బుర్రకు తెలుసు, మెడమీది వెంట్రుకలకు తెలియదు.

ఇంతలో కిటికీ అవతల ఆడగొంతు.

"వచ్చినావా?"

వాన ఠక్కున ఆగింది. నా గుండె కూడా.

"ఇంత ఎండలో వచ్చినావే. సాపాటు అయిందా?"

మా ఇంట్లో అమ్మ కూడా తెలుగులో అలాగే అడుగుతుంది. అలవాటులో నోరు దానంతటది తెరుచుకుంది. "ఇంకా లే" అన్నాను.

తర్వాత ముడతలు పడిన చెయ్యి ఒకటి కమ్ముల మధ్య నుంచి మెల్లగా లోపలికొచ్చింది. ఆకు పొట్లం ఒకటి కింద వదిలి, ఎవరి చెంపనో నిమరబోయినట్టు చీకట్లో అటూ ఇటూ వెతికింది. నేను గోడకు బల్లిలా అతుక్కుపోయాను. చెయ్యి వెనక్కి పోయింది. పొట్లం కిటికీ కిందున్న మూడో టబ్బులో పడింది. పురుగులు దాన్ని కప్పేశాయి. మర్నాడు చూస్తే ఆకు ఈనెలు తప్ప ఏమీ లేవు.

మా సారుతో చెప్పాను. (పేరు కన్నా పేగుల సారు అంటేనే అందరికీ తెలుస్తుంది.) "ఎండదెబ్బ. మజ్జిగ తాగు" అన్నాడు. ఆ తర్వాత ఏ మధ్యాహ్నమూ నేనటు పోలేదు. ఉదయం మాత్రం మూడో టబ్బులో కొత్త ఈనెలు కనిపించేవి. ఇష్టదైవాన్ని తలుచుకుంటూ పట్టకారుతో తీసి దూరంగా పారేసేవాణ్ణి.

చివరికి చేపలను కోసి పేగులు ల్యాబుకు పంపాం. ఫలితాలొచ్చిన రోజు సారు నన్ను పిలిచాడు.

"పురుగు పెంకు తింటే కొన్ని మంచి సూక్ష్మజీవులు పెరుగుతాయి, నిజమే. అన్ని ట్యాంకుల్లోనూ పెరిగాయి. కానీ ఈ మూడో ట్యాంకులో పాలను పెరుగుగా మార్చే రకం విపరీతంగా ఉంది. ఈ చేపలకు పెరుగన్నం పెట్టిందెవరయ్యా?"

దయ్యాలు పెరుగన్నం కలపవని అప్పుడు తట్టింది. ఆ మధ్యాహ్నమే పోయి గోడౌన్ పక్కన నిలబడ్డాను. కిటికీ ముందు స్టూలు వేసుకొని అవ్వ కూర్చుంది. ఒళ్లో పొట్లం. కోడలి మీద ఫిర్యాదులు లోపలికి చెబుతోంది. లోపల వాన వింటోంది.

నన్ను చూసి ఆమె తడబడలేదు. "మా ఆయనప్పా. ఇక్కడే చింతగింజలు జల్లించేది. పోయినప్పటి నుంచి గమ్మున ఉండె. ఇప్పుడు మళ్లా జల్లిస్తా ఉండాడు. ఒకనాడు అడిగితే బదులు కూడా చెప్పినాడు, తెలుగులో! మా మనవళ్లు కూడా తమిళంలోనే మాట్లాడేది. ఇంకెవరు చెప్తారు?"

ఇన్నాళ్లూ నేను భయపడింది అవ్వకు, అసలు దయ్యాన్ని నేనేనని తెలిసింది. నవ్వు రాలేదు. చెప్పకపోతే ఇన్ని నెలల పని మళ్లీ పాడవుతుంది. చెబితే ఆమెకు ఆయన రెండోసారి పోతాడు. "అవ్వా, ఆ బదులు చెప్పింది నేను" అని తలుపు తీశాను.

ఆమె టబ్బు మీదికి వంగి చాలాసేపు చూసింది. పిలిచినట్టే ఆ వాన చప్పుడు లేచింది.

"ఇవేనా నా పెరుగన్నం తిన్నది?"

"అవునవ్వా."

"బాగుండాదని ఏమన్నా చెప్పినాయా?"

"లే."

"ఆయనా అంతేనప్పా. జన్మంతా తిన్నాడు, ఒక్క మాట చెప్పలే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వెంటనే తెలియలేదు. తర్వాత కళ్లు తుడుచుకొని, పొట్లం నా చేతిలో పెట్టింది. "నువ్వు తెలుగు మాట్లాడతావే! తిను. ఎట్లుండాదో చెప్పు."

సారు మూడో ట్యాంకును మొదటి నుంచీ మళ్లీ చేయించాడు. అది ముగిసేదాకా మధ్యాహ్నం సాపాటు నాకు ఆ కిటికీ దగ్గరే, అవ్వ పాతకాలపు మాటలు వింటూ. ఉప్పు తక్కువైతే తక్కువనే చెప్పేవాణ్ణి, ఎందుకంటే ఆమెకు కావలసింది తిన్నవాడి మాటే.

ఇప్పుడు కోస్తాలో చేపల మేత అమ్ముకుంటున్నాను. నా నోట ఏ పాత మాటో దొర్లితే ఇక్కడి రైతులు ముచ్చటపడి, "ఇంత చక్కటి మాట ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అని అడుగుతారు. మా ఇంట్లోనే అంటాను. కొన్నాళ్లు ఒక ముసలావిడ దగ్గర దయ్యం ఉద్యోగం చేసి నేర్చుకున్నానంటే, పాపం, మేత కొనడం మానేస్తారు.