మబ్బు వెంట మునిరత్నం నడక

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఆ మాటకొస్తే పశువుల డాక్టరునూ సగమే నమ్మాను. మిగతా సగం కూడా నమ్మి ఉంటే నా కుక్క ఈ రోజు నా కాళ్ల దగ్గర బొచ్చు రాలుస్తూ పడుకుని ఉండేది. కాబట్టి ఈ కథలో మొదటి మూర్ఖుణ్ని నేనే. రెండోవాడు నా తోడల్లుడు మునిరత్నం.

నేను తిరుపతిలో ఒక కాలేజీలో గుమాస్తాను. ఊరు వదిలి వెళ్తున్న ఒకాయన తన హస్కీ కుక్కను, మంచుదేశాల జాతిదాన్ని, ఇస్తానంటే కాదనలేక తెచ్చుకున్నాను. తెల్లగా, దూదిబస్తాలా ఉండేది. మబ్బు అని పేరు పెట్టాను. మా వైపు తెల్లవారకముందు చీకటినీ మబ్బు అనే అంటాం. మబ్బును మబ్బులోనే తిప్పాలి అని ఆఫీసులో చెప్పి, నవ్వేవాళ్లు లేకపోతే నేనే నవ్వుకునేవాణ్ని.

అలా తిప్పమన్నది డాక్టరు. పై బొచ్చు కింద ఇంకో మెత్తటి బొచ్చు ఉంటుందట. ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోదట. ఎండ లేదని, చల్లగాలి వీస్తోందని మోసపోవద్దన్నాడు. ఎప్పుడైనా ఇరవై నిమిషాలే, అదీ మెల్లగా. మధ్యలో రెండుసార్లు నీళ్లు. నాలుక వెడల్పయి పక్కకు వేలాడితే అక్కడే ఆగిపోవాలి. మే నెల ఎండల్లో ఉడికే మా ఊరివాళ్లకు జనవరిలో కూడా వడదెబ్బ ఉంటుందంటే నవ్వొస్తుంది. నాకూ వచ్చింది.

ఆ జనవరిలోనే మునిరత్నం కొడుక్కి కొండమీద పుట్టువెంట్రుకలు తీయించడానికి పాకాల నుంచి అతను స్కూటరు మీద, మిగతావాళ్లు బస్సులో వచ్చి మా ఇంట్లో దిగారు. మునిరత్నం రోజూ పరుగెత్తే మనిషి. పరుగెత్తనివాళ్లను మనుషుల్లో జమకట్టడు.

మొక్కు తీరిన మర్నాడు పొద్దున తొమ్మిదికి ఆకాశం మూసుకుని ఉంది. టిఫిన్ల దగ్గర కుక్కను పరుగుకు తీసుకెళ్తానంటూ మునిరత్నం అందరి ముందూ అన్నాడు: "సల్లగా ఉండాది గదన్నా, ఈ పొద్దుకి దీనికేమైతాది? నువ్వు కుక్కను సాకలేదు, బాలింతను సాకినావు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, లేచి వెళ్లి గొలుసు నా చేతులతోనే అతనికి ఇచ్చాను. మెత్తని మనిషినన్న పేరు ఒక్క పూటైనా పోగొట్టుకోవాలనిపించింది.

గంటన్నర తర్వాత ఆటోలో తెచ్చాడు. నాలుక నల్లబడింది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడలేదు. నీళ్లతో తడుపుతూ ఆస్పత్రికి తీసుకెళ్లాం. మధ్యాహ్నం కాకముందే పోయింది.

చెత్తకుప్పలో ఏదో తినేసిందని మునిరత్నం అందరికీ చెప్పాడు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి దాని పాదాలు తిప్పి చూపించాడు. నాలుగింటికీ చర్మం లేచిపోయి ఉంది. నడిచిన కుక్క పాదాలు కావవి.

ఇంట్లో గుండు చేయించుకున్న పసివాడు, లడ్డూలు, చుట్టాలు. మునిరత్నానికి నేనే అన్నం వడ్డించాను. అడక్కపోయినా నెయ్యి కూడా వేశాను. ఆ నెయ్యి ఇప్పటికీ నా కడుపులో కాగుతోంది.

నెలన్నర తర్వాత నా మరదలు, అంటే అతని భార్య, ఫోన్ చేసింది. ఆయన పరుగు మానేసినాడు బావా, ఒకసారి రా అంది. వెళ్లాను. ఓదార్చడానికి కాదు, చూసి సంతోషించడానికి.

మనిషి సగమయ్యాడు. రోజూ పొద్దున తొమ్మిదికి ఇంటి గడప దాటగానే ఎడమ పక్కన ఏదో రొప్పుతుందట. ఆగితే ఆగుతుందట. పిక్క మీద తడి తగులుతుందట. ఇంట్లో ఉన్నా ఆ వేళకు వాకిట్లో రొప్పు వినిపిస్తుందని మరదలు కూడా చెప్పింది. స్కూటరు తుడిచిన ప్రతిసారీ మర్నాటికి కాళ్లు పెట్టుకునే చోట తెల్ల బొచ్చు ఉంటోందట.

నేను నమ్మలేదు. నా ఎదుటే స్కూటరు కడిగించి హాల్లో పెట్టించాను. బొచ్చు నా బట్టల నుంచే రాలుతుందేమోనని స్నానం చేసి అతని లుంగీ కట్టుకున్నాను. స్కూటరు పక్కనే మంచం వేయించుకుని, తలుపు గడియ పెట్టి పడుకున్నాను.

తెల్లారి చూస్తే పిడికెడు మెత్తటి బొచ్చు ఉంది. డాక్టరు చెప్పిన అడుగు బొచ్చు. తడిగా ఉంది. తలుపు గడియ వేసినట్టే ఉంది. మబ్బు ఆ స్కూటరు ఏనాడూ ఎక్కలేదు.

మునిరత్నం దాన్ని చూసి నేలమీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు.

"బండికి కట్టి తోలినానన్నా. అలిపిరి దాకా. నిలబడిపోతే ఈడ్చినా. నీ మాటైతే ఇంటాది, పొమ్మని చెప్పన్నా."

నెలన్నర నుంచి నాకు కావలసిన మాట అదే. విన్నాక కూడా కడుపు చల్లబడలేదు.

పొమ్మని నేను చెప్పలేదు. దానికి నడక బాకీ ఉన్నావు, నడిపించు అన్నాను. మబ్బులోనే లేవాలి, చేతిలో ఖాళీ గొలుసు పట్టుకోవాలి, ఇరవై నిమిషాలు మెల్లగా నడవాలి, మధ్యలో రెండుసార్లు ఆగి గిన్నెలో నీళ్లు పోసి పెట్టాలి. ఒక మండలం, నలభై ఎనిమిది రోజులు. ఇదంతా అప్పటికప్పుడు నేను కల్పించిందే.

చేశాడు. పాకాల బజారులో పాలకు వచ్చినవాళ్లు, స్టేషనుకు వెళ్లేవాళ్లు ఆగి చూసేవాళ్లట. పరుగుల మునిరత్నం లేని కుక్కకు నీళ్లు పెడుతున్నాడని చెప్పుకునేవాళ్లట.

ఆ బొచ్చు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను కల్పించిన మందు ఎలా పనిచేసిందో అంతకన్నా తెలియదు.

పనిచేసింది మాత్రం నిజం. నలభై ఎనిమిదో రోజు మునిరత్నం ఫోన్ చేశాడు. గొంతు తేలిగ్గా ఉంది. వారం నుంచి రొప్పు లేదన్నాడు. బండి మీద ఒక్క వెంట్రుక కూడా లేదన్నాడు.

"ఇంక సాలించేదా అన్నా?"

"ఇంకొక మండలం నడిపించు, అబ్బా" అన్నాను.