క్లాసు మొత్తానికీ పళ్ల డాక్టరే నాన్న

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తల్లో నాకు కోపం ఇప్పటికన్నా తొందరగా వచ్చేది, నెమ్మదిగా పోయేది. ఒక్క కోపం మాత్రం అసలు పోనేలేదు. పెరుగన్నం తింటూ గుర్తుచేసుకున్నా ఈ రోజుకీ చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు నేను భవానీపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్ని. ఏడో తరగతి పిల్లలు ఏడాది పొడుగునా కంప్యూటర్లో చేసిన బొమ్మలు, ఆటలు, తమ గురించి రాసుకున్న నాలుగు మాటలు ఎవరివి వాళ్ల పేరు మీద దాచే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు. డిజిటల్ పోర్ట్‌ఫోలియో అనేవాళ్లం. (పేరెంట్స్ మీటింగు కబురు ఫోన్లో విన్న ఒక మామ్మగారు పోలియో చుక్కలనుకుని చంటి మనవణ్ణి చంకనేసుకుని వచ్చేశారు.) మా ప్రిన్సిపాల్‌కి నేను పెట్టుకున్న పేరు అచ్చుగుద్దు సారు. బూట్లయినా జడలయినా చేతిరాతయినా అందరివీ ఒకేలా ఉండాలాయనకి. మీటింగుకి ముందురోజు పిల్లల పని చూసి మొహం మాడ్చుకున్నారు.

"ఏంటమ్మా ఇది? ఒకడు ఆటో గీశాడు, ఇంకోడు బెండకాయ గీశాడు! ఇంగ్లీషు నిండా తప్పులే. ఫస్ట్ ర్యాంకు పాపది బాగుంది, అదే అందరికీ కాపీ చేసి పేర్లు మార్చెయ్యండి."

"పిల్లలు చేసింది చూపించకపోతే ఇదంతా ఎందుకండీ సార్? నేను చెయ్యను."

"సరే" అన్నారు. ఆ 'సరే'ని నమ్మాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు చేపల కొట్టున్న ఒక నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు దండిగా పూసుకుని కూతురి పక్కన కూర్చున్నారు. ఆ పిల్లని క్లాసులో అందరూ చందువ అనేవాళ్లు, చేప పేరే. నాన్న చదవమంటే చదివింది: "మై ఫాదర్ ఈజ్ ఎ డెంటిస్ట్."

"అంటే?"

"పళ్ల డాక్టరు, నాన్నా."

"చేపలమ్ముతాడని రాయడానికి నామోషీ అనిపించిందా, తల్లీ?" అన్నారు మెల్లగా.

"నేను రాయలేదు నాన్నా, ఒట్టు!" చందువ ఏడ్చేసింది. పక్క కంప్యూటర్లో టైలరుగారూ పళ్ల డాక్టరే. వెనక ఆటో ఆయనా పళ్ల డాక్టరే. నేను కాదన్న పని సారు ఆఫీసు క్లర్కు చేత కానిచ్చారు. పేర్లు మార్చిన ఆ మహానుభావుడు నాన్నల్ని మార్చలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. గది మధ్యకెళ్లి అరిచాను: "ఇందులో ఉన్న నాన్నలు మీరు కాదండీ!" (ఆ మాటకి ఎన్ని అర్థాలున్నాయో అప్పుడు తట్టలేదు.) "పైన హిస్టరీ అని ఉంది, నొక్కండి! పిల్లలు ముందు చేసిన అసలువి అందులో ఉన్నాయి!"

"మేడమ్, బయటికి రండి" అన్నారు సారు.

"రానండీ! ఇంతమంది పళ్ల డాక్టర్లు ఎక్కణ్ణించి వచ్చారో మీరు చెప్పండి!"

చందువ నొక్కింది. 'మై నాన్న సెల్ ఫిష్. హి స్మెల్ ఫిష్. ఐ లైక్.' కింద తను చేసిన ఆట: వలతో చేపల్ని పట్టాలి. నాన్నగారు ఎంతసేపు ఆడినా ఒక్కటీ పడలేదు. "అన్నీ ఇట్టా తప్పించుకుపోతే నేనేం అమ్మనే?" అని పకపకా నవ్వి కళ్లు తుడుచుకున్నారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. "కట్టిన ఫీజుకి ఈ ఇంగ్లీషా? ఇందాకటిదే ఉంచండి మేడమ్" అని ఇంకో నాన్న నా మీదే విరుచుకుపడ్డాడు. సారు తాపీగా మైకందుకుని, "ముందు నమూనా, తర్వాత మీ పిల్లల సొంత పని, అదండీ మన పద్ధతి" అన్నారు. గదిలో వాళ్లంతా చప్పట్లు కొట్టారండీ! నా కోపమంతా ఇప్పటికీ ఆ చప్పట్ల మీదే.

ఆ సాయంత్రమే రాజీనామా రాసి ఆయన బల్ల మీద పడేసి, ఎదురుగా ఆగిన బస్సెక్కాను. గొల్లపూడి దాటాక కండక్టరు అడిగాడు, "ఎక్కడికండీ?" మా ఇల్లు ఇటు మంగళగిరిలో, బస్సు పోయేది అటు కొండపల్లికి. అప్పటికే ఒకరి ముందు ఓడిపోయాను, ఇంకొకరి ముందు ఓడదలచుకోలేదు. "కొండపల్లే" అన్నాను ఠీవిగా. టిక్కెట్టు తీసుకుని కిటికీలోంచి చూస్తూ, సారుకి చెప్పాల్సిన జవాబులన్నీ ఒక్కొక్కటిగా గొణుక్కుంటూ కూర్చున్న ఆనాటి ఆ కుర్ర టీచర్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. దిగమని చెప్పాలనిపించదు. పక్క సీట్లో కూర్చుని, ఆ జవాబులు వింటూ కొండపల్లి దాకా వెళ్లిరావాలనిపిస్తుంది.