సార్ ఏమీ అనని ఉదయం

కొత్త ప్లాస్టర్ చుట్ట విప్పినప్పుడు ఒక వాసన వస్తుంది. జిగురు, కొత్త గుడ్డ, మందు కలిసిన వాసన. నా ఉద్యోగంలో ఆ చుట్టలు రోజూ విప్పుతూనే ఉంటాను కాబట్టి మామూలుగా అది నా ముక్కుకు ఆనదు. ఏ కారణమూ లేకుండా కొన్ని ఉదయాల్లో మాత్రం ఆనుతుంది. మొన్న చిత్తూరులో, ఓపీ గదిలో, ఒక ముసలాయన చూపుడువేలికి చెక్కపుల్ల ఆనించి ప్లాస్టర్ చుడుతుంటే అలాగే అయింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నేను మాత్రం తిరుపతిలో, వరదయ్య సార్ ముందు, కుడిచేయి చాపి నిలబడి ఉన్నాను.

వరదయ్య సార్ మీకు తెలిసే అవకాశం లేదు. ఆయన పేరు పత్రికల్లో రాలేదు, పెద్ద సభల్లో మాట్లాడలేదు. ఎముకల వైద్యంలో పీజీ పూర్తిచేసి, చేతి శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ కోసం నేను ఏడాదిపాటు ఆయన దగ్గర చేరాను. భుజం నుంచి వేలి కొస దాకా, అంతే మా లోకం. సార్‌ది పలమనేరు. పాడి ఉన్న ఇల్లు. చిన్నప్పుడు రోజూ పాలు పిండి బడికి పోయేవారట. "నా బొటనవేలు చదువుకునింది ఆవుల దగ్గర" అనేవారు. నిజంగానే ఆయన వేళ్లు మొద్దుగా, పొట్టిగా ఉండేవి. కానీ మైక్రోస్కోపు కింద, తలవెంట్రుక కన్నా సన్నని దారంతో రక్తనాళం కుట్టేటప్పుడు ఆ వేళ్లు ఎవరో వేరే మనిషివేమో అనిపించేది.

నాకు కొత్తవాళ్లతో మాట్లాడడం రాదు. ఇప్పటికీ అంతంత మాత్రమే. చేరిన మొదటి వారంలో రోగి దగ్గర కూర్చుని, చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, కాగితం నిండా రాసుకుని లేచేదాన్ని. సార్ ఒకరోజు వెనకనుంచి వచ్చి అన్నారు: "ఏమ్మా, చెయ్యొక్కటే వచ్చిందా ఆసుపత్రికి? దాని వెనకాల మనిషెవరూ రాలేదా?" మంచం మీది రోగి నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి. ఆ రాత్రి డైరీలో సార్‌ని కాస్త తిట్టుకున్నాను కూడా.

రక్తనాళాలు కుట్టడం మేము కోడి తొడల మీద నేర్చుకుంటాం. ఆ తొడలు తెచ్చే పని సార్ పనిగట్టుకుని నాకే ఇచ్చారు. ఆదివారం, చికెన్ కొట్టు ముందు గుంపు. నేను చివర నిలబడి, అందరూ వెళ్లిపోతారేమోనని ఎదురుచూశాను. వాళ్లు పోయేకొద్దీ కొత్తవాళ్లు వస్తున్నారు. చివరికి నోరు విప్పాను.

"అన్నా, తొడలు కావాల. లోపల రక్తనాళం తెగకుండా."

"యాందీ?"

"రక్తనాళం. తెగకూడదు."

కొట్టాయన కత్తి ఆపి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "యేం మేడమ్, కూరొండేదానికా, మళ్లా పానం పోసేదానికా?"

గుంపంతా నవ్వింది. తొడలు తెచ్చి బల్ల మీద పెట్టి, అందరూ నవ్వారని సార్‌తో చెప్పాను. "నవ్వితే నవ్వనీ. తెగకుండా ఇచ్చినాడా?" అన్నారు. ఇచ్చాడన్నాను. "అంతే గదా" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. దాన్ని ఓదార్పు అనుకోవాలో, పాఠం అనుకోవాలో నాకు తెలియలేదు. సార్ మాటలు చాలావరకు అలాగే ఉండేవి. సగం చెప్పి, మిగతా సగం మన మీద వదిలేసినట్టు.

సార్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరి వేలి కీలునైనా శాశ్వతంగా బిగించేయాలని శిక్షణలో ఉన్నవాళ్లు నిర్ణయించుకుంటే, ముందు అదే వేలిని తాము చెక్కపుల్లతో బిగించుకుని ఒక పగలు, ఒక రాత్రి గడపాలి. మర్నాడు పొద్దున ఆ చేయి సార్‌కు చూపించి, ఏ పని చేతనైంది, ఏది కాలేదు చెప్పాలి. నాకన్నా ముందు చదివిన ఒకాయన బొటనవేలు బిగించుకుని, చొక్కా గుండీలు పెట్టుకోలేక, బొత్తాలు లేని టీషర్టులో ఆసుపత్రికి వచ్చాడని కథగా చెప్పుకునేవారు.

మునెమ్మ వచ్చింది నేను చేరిన ఏడో నెలలో. చిత్తూరు మార్కెట్ వీధిలో పూలు కట్టి అమ్మే మనిషి. పక్కనే భర్త చెరుకురసం బండి. "ఆయప్ప టీ తాగను పోయినాడు. ఇద్దురు గిరాకీ వచ్చి నిలబడుకున్నారు. యేమాయలే అని నేనే గడ పెట్టినా" అని చెప్పింది. గడతోపాటు కుడి చూపుడువేలు మిషనులోకి వెళ్లింది. వేలు బతికే ఉంది కానీ నడిమి కీలు నుజ్జయింది, వేలిని వంచే స్నాయువులు పోయాయి. మొదటిరోజు శుభ్రం చేసి కట్టు కట్టాం. ఆ తర్వాత ఏం చేయాలన్నది మిగిలింది.

"రెండు దార్లుండాయి" అన్నారు సార్. "కీలు బిగించి వేలు నిలబెట్టొచ్చు. వేలుంటాది, వంగదు. లేదంటే వేలు తీసేస్తే, దాని పని మధ్యవేలు నేర్చుకుంటాది. నువ్వు తేల్చి చెప్పు."

నేను మునెమ్మ మంచం దగ్గర కూర్చున్నాను. ఏ చేత్తో తింటారు, సంతకం పెడతారా, ఇంట్లో ఏమేం పనులు చేస్తారు, అన్నీ అడిగాను. అన్నీ రాసుకున్నాను. నేను వేలు తీసే మాట ఎత్తగానే ఆమె ఎడమచేత్తో నా చేయి పట్టుకుంది.

"తియ్యొద్దు తల్లీ. దేవుడికి పొయ్యే పూలు. ఏలు తెగిన చేత్తో కట్టినానంటే ఎవురు కొంటారు సెప్పు?"

నాకు లోపల హాయిగా అనిపించింది. వీలైతే వేలు ఉంచమనే పుస్తకాలూ, ఆమే ఒకే మాట అంటున్నారు. ఇక అడగాల్సింది ఏముంది? ఆ రోజే నా చూపుడువేలికి చెక్కపుల్ల బిగించుకున్నాను. పళ్లు తోముకున్నాను, అన్నం తిన్నాను, ఫోను వాడాను. జడ వేసుకోవడం ఒక్కటే కష్టమైంది. రాత్రి పెన్ను బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి డైరీ ఒక పేజీ రాశాను. అక్షరాలు కాస్త వంకరపోయాయి. కానీ రాయగలిగాను, గర్వంగా పడుకున్నాను. నా చేతికి నా పని పెట్టి చూశాను గాని ఆమె పని పెట్టి చూడలేదని అప్పుడు నాకు తట్టలేదు. వార్డు కిందే పూలకొట్టు ఉంది. గుప్పెడు విడిపూలు, కాస్త దారం కొని తెచ్చుకుంటే సరిపోయేది.

పొద్దున సార్ ముందు చేయి చాపాను. ఆయన నా వేలిని చూశారు. చాలాసేపు చూశారు, లేదా నాకు అలా జ్ఞాపకం. జడ సంగతి, డైరీ సంగతి చెప్పాను.

"రాసినావా?" అన్నారు.

"రాశాను సార్."

ఆయన ఇంకేమీ అనలేదు. పక్క మంచం దగ్గరికి వెళ్లారు.

ఆపరేషన్ నేనే చేశాను. సార్ ఎదురుగా కూర్చుని, ఒక సహాయకుడిలా, మునెమ్మ చేతిని కదలకుండా పట్టుకున్నారు. చివరి కుట్టు వేశాక "బాగా చేసినావు" అన్నారు. ఏడాదిలో ఆయన నన్ను అలా మెచ్చుకున్నది అదొక్కసారే.

నాలుగు నెలల తర్వాత మునెమ్మ పూలబుట్టతో ఓపీకి వచ్చింది. ఎముక చక్కగా అతికింది, వేలు నిటారుగా, అందంగా ఉంది. నేను ఎక్స్‌రే చూసి సంతోషిస్తుండగా ఆమె నేల మీద కూర్చుని బుట్టలోంచి కనకాంబరాలు తీసింది. "సూడు మా" అని కట్టడం మొదలుపెట్టింది. దారం వేళ్ల చుట్టూ తిప్పి, మెలికను కాడల మీదికి జారవిడవాలి. వంగని వేలి దగ్గర దారం ప్రతిసారీ చిక్కుకుంది. పూలు ఒడిలోకి రాలాయి. అయిదారుసార్లు ప్రయత్నించి ఆపేసింది.

"ఇది మా ఆయప్ప మాదిరే ఉండాది మేడమ్. పని చెయ్యదు, చేసేవాళ్లని చెయ్యనీదు. అడ్డం నిలబడుకుంటాది, అంతే. తీసెయ్యి."

"మీరే కదండీ తీయొద్దన్నారు" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"అన్నా. నాకేం తెలుసు తల్లీ? సదూకున్న దానివి నువ్వు గదా."

సార్ వచ్చారు. గొంతుక్కూర్చుని, "ఇంగోసారి కట్టమ్మా" అని శ్రద్ధగా చూశారు. లేచి నన్ను అడిగింది ఒక్కటే: "ఎప్పుడు తీస్తావు?"

తీశాను. మధ్యవేలు, సార్ చెప్పినట్టే, ఆ పని నేర్చుకుంది. కొన్ని నెలలకు మునెమ్మ దాదాపు మునుపటిలాగే కడుతోంది. కానీ చేతిని కొంగు కింద పెట్టుకుంటుంది. "కట్టేది నేను, అందించేది మా ఆడబిడ్డ. ఆమె సెయ్యి సూసి కొంటా ఉండారు జనాలు" అంది, నేను కొట్టు దగ్గరికి వెళ్లినప్పుడు. నవ్వుతూనే అంది. అంటే మొదటిరోజు ఆమె చెప్పిన భయమూ అబద్ధం కాదు. మరి నేను చేసింది తప్పా? ఏది తప్పు? వేలు నిలబెట్టడమా, తీయడమా?

డైరీలో ఆ ఉదయం గురించి రెండే వాక్యాలు ఉన్నాయి. సార్ "రాసినావా" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ రెండు వాక్యాలను ఎన్నిసార్లు చదువుకున్నానో. ఆయనకు ముందే తెలుసని కొన్నాళ్లు నమ్మాను. తెలిసి, నేను నేర్చుకోవాలని వదిలేశారని. అలా అయితే నా పాఠానికి మునెమ్మ చేయి ఖర్చయినట్టు కదా, దానికి కృతజ్ఞత చెప్పవచ్చా అని రోజుల తరబడి మథనపడ్డాను. కొన్నాళ్లు, ఆ ప్రశ్నే ఒక హెచ్చరికేమో, నువ్వు రాశావు సరే, ఆమె కట్టగలదా అని ఆయన అడిగినట్టేమో, బిడియంతో నేనే వినలేదేమో అనుకున్నాను. ఆయన కేవలం ఆమె కోరికను గౌరవించారేమో అని కూడా.

ఈ ఏడాది సార్‌ని చూడడానికి పలమనేరు వెళ్లాను. ఉద్యోగం మానేసి ఆవుల దగ్గరికే చేరుకున్నారు. బస్సులో దారిపొడవునా అడగాల్సిన మాటలు కూర్చుకున్నాను. "యేమ్మా, ఇప్పుడన్నా మాట్లాడతాండావా?" అని నవ్వారు. కాఫీ చల్లారిపోయేదాకా ఆగి, అడిగేశాను.

"ఏ మునెమ్మ?" అన్నారు.

అంతా చెప్పాను. చెరుకు మిషను, చెక్కపుల్ల, డైరీ, కనకాంబరాలు. ఆయన కళ్లు చిట్లించి చాలాసేపు వెతుక్కున్నారు.

"గుర్తు లేదమ్మా. రాసినావా అన్నానా? నీ డైరీ గురించే అడిగుంటా. ఆ పిల్ల రోజూ ఏందో రాస్తాదంట అని అందురూ చెప్పుకుంటాండ్రి."

"మీకు తెలిసే ఏమీ అనలేదేమో అనుకున్నాను సార్."

"తెలిసుంటే చెప్పుండనా? నాకూ తెలిసుండదు." ఆవు ఒకటి గోడకు కొమ్ము రాసుకుంటుంటే దాన్ని అదిలించి, మళ్లీ కూర్చున్నారు. "ఏమో. తెలిసీ చెప్పకుండా ఉండినా ఉంటాలే. అప్పుట్లో నాకు ఆ పొగరు ఉన్నింది." ఇంకాసేపటికి, "ఇప్పుడెట్ల కడతాండాది ఆయమ్మ?" అన్నారు.

బాగా కడుతోందన్నాను. కొంగు సంగతి చెప్పలేకపోయాను.

తిరుగు బస్సులో ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఇన్నేళ్లూ నేను కూర్చిన అర్థాలన్నీ ఆయనవి కావని తేలింది, అంతే. ఆయన పని నేర్పిన చేతులు నాతో ఉన్నాయి, ఆయన మౌనం మాత్రం ఎవరిదో నాకు తెలియలేదు. చదువు చెప్పిన మనిషిని అనుమానిస్తూ కూడా గౌరవించవచ్చా? చేస్తున్నాను, ఎలాగో తెలియకుండానే.

పోయిన వారం, మా దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి, ఒక లారీ మెకానిక్ మణికట్టు బిగించాలని నిర్ణయించి, తన ఆలోచనంతా చెప్పి నా ముఖంలోకి చూసింది. నేను ఏమీ అనలేదు. అది ఒప్పుకోవడం అనుకుని ఆమె ఫైలు మూసింది. అప్పుడు నాకు నా మౌనం బయటినుంచి కనిపించింది.

"ఆగమ్మా" అన్నాను. "నేను సరే అన్నానని కాదు. నాకు తెలియడం లేదు."

ఆమె అయోమయంగా నిలబడింది. నేనూ నిలబడ్డాను. మంచం మీది మెకానిక్ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, కట్టు కట్టిన చేయి కొంచెం పైకెత్తాడు.

"యేం మేడమ్," అన్నాడు, "నన్నేమన్నా అడగల్లా?"