మా మేనత్త ఫోటో ఇక్కడ వేయడం లేదు

మా మేనత్త పోయింది. మొన్న పొద్దున ఎల్లారెడ్డి మీదుగా మా ఊరి నుంచి వచ్చిన మనిషి కామారెడ్డిలో మా బడి గుమ్మం దగ్గర నిలబడి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పంతులూ, అవ్వ పోయింది" అన్నాడు. పిల్లలను ఇంటికి పంపి, ఉన్న బట్టలతోనే బయలుదేరాను.

ఆమె గురించి నాలుగు మాటలు రాస్తానంటే పత్రిక వారు సంతోషించారు. ఫోటో ఒకటి జత చేయమన్నారు. ఫోటో తీయించుకోలేదని అబద్ధం చెప్పను. ఒకటి ఉండేది. ఈ రోజు నా చేతిలో ఉన్నా ఇచ్చేవాణ్ణి కాదు. ఎందుకు ఇవ్వనో చెప్పకుండా ఆమె గురించి రాయడం నాకు చేతకాదు.

ఆమె ప్రతిదానికీ అడిగేది. కూరలోకి పక్కింటి పెరట్లో కల్యామాకు రెబ్బ తుంచాలన్నా గోడ మీది నుంచి కేకేసి అడిగేది. చంటిపిల్లను ఎత్తుకునే ముందు "వస్తవా నా దగ్గరికి?" అనేది. పిల్ల మొహం తిప్పుకుంటే చాచిన చేతులు దించేసేది. పాలు పితికే ముందు బర్రె మెడ నిమిరి దాన్నీ అడిగేది. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. "నవ్వుండ్రి, నవ్వుండ్రి. మీ చేతులకెల్లి ఎవడన్న చెంబు గుంజుకున్ననాడు తెలుస్తది" అనేది. అడగడం భయస్తుల లక్షణమని మా ఊళ్ళో చాలామంది అనుకునేవారు. ఆమెకు భయం ఏ పక్క ఉండేదో నాకైతే ఎన్నడూ కనబడలేదు.

నిజాంసాగర్ కాలువ పారిన కొత్తలో, మహమ్మద్‌నగర్ దగ్గరి మా ఊరి దొర తన పచ్చటి పొలాలను పట్నం దోస్తులకు చూపించుకోవాలని ముచ్చటపడ్డాడు. కామారెడ్డి నుంచి ఫోటోగ్రాఫరును పిలిపించాడు. మేనత్త దొర దగ్గర కొంచెం భూమి కౌలుకు చేసుకునేది. కాబట్టి దొర పొలంలో నాటు పడితే పోక తప్పదు. మూడు కాళ్ళ మీద పెట్టె నిలబెట్టి నల్లగుడ్డ కప్పుకున్న మనిషిని చూసి, కాలువ కొలతలవాడు మళ్ళీ వచ్చాడనుకున్నారట ఆడవాళ్ళు. వంచిన నడుము ఎత్తకుండా నాటు వేసుకుంటూ పోయారు.

కొన్నాళ్ళకు మేనత్త మిరపకాయలు అమ్ముకోవడానికి కామారెడ్డి వారపు అంగడికి వచ్చింది. స్టేషన్‌కు పోయే తొవ్వలో ఫోటో దుకాణం అద్దాల బీరువా ముందర మగవాళ్ళు గుమిగూడి ఉన్నారు. లోపల తానే ఉంది. పెద్దది చేసి చట్రం కట్టిన ఫోటోలో అందరికన్నా ముందు, చీర మోకాళ్ళ పైకి దోపుకొని, వంగి. ఒకడు వెనక్కి తిరిగి ఆమెను చూసి, మళ్ళీ ఫోటోను చూసి, "గీమెనే రా!" అని పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఆ పూట మా ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. "నన్ను బజార్ల ఆరేసిండ్రు బిడ్డా" అంది.

మర్నాడు ఇద్దరం దుకాణానికి వెళ్ళాం. ఫోటోగ్రాఫరు చెడ్డవాడు కాదు. పీట వేసి కూర్చోమన్నాడు. పద్ధతి తప్పలేదని అతని ధీమా.

"ఊకె పెట్టలేదక్కా. దొర ఇజాజత్ తీసుకున్న. అద్దాలల్ల పెట్టుకుంటనంటే పెట్టుకో అన్నడు."

"దేనికి దేనికి ఇచ్చిండు ఇజాజత్?"

"అన్నిటికి. పొలానికి, ఎడ్లకు, మీకు."

"పొలం దొరది. ఎడ్లు దొరయి. నన్నెన్నడు కొన్నడు?" అంది మేనత్త.

అతను తల గోక్కున్నాడు. ఫోటోకు పైసలిచ్చింది దొర అనీ, దింపితే తనను ఈ తాలూకాలో బతకనివ్వడనీ గొణిగాడు.

నాకు తెలిసిన ఒక వకీలు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఓపికగా విని, చట్టంలో ఉన్న మాట చెప్పాడు. "కాయిదా నీ దిక్కు లేదమ్మా. పైసలిచ్చి తీయించుకున్నోనిదే ఫోటో. అండ్ల ఉన్నోళ్ళను అడగాల్నని యాడ రాసిలేదు."

"రాసినోల్లను గూడ ఎవలన్న అడగకుంట ఫోటో తియ్యాలె, అప్పుడు రాస్తరు" అంది మేనత్త. లేచి నిలబడి, "మరి నేను పొయ్యి గా దుకాణం ముంగట నిలవడితే కాయిదా ఏమంటది?" అని అడిగింది.

వకీలు నవ్వాడు. "సడక్ సర్కారుది. తొవ్వకు అడ్డం రాకుంట నిలవడితే ఎవ్వల ఇజాజత్ అక్కర లేదు."

అంతే. అంగడి రోజు వచ్చిందంటే ఆ అద్దాలకు వీపు ఆనించి, తన బొమ్మ కనబడకుండా నిలబడేది. ఫోటోలో ఉన్నవాళ్ళలో ఇద్దరు తోడు వచ్చారు. మిగిలినవాళ్ళు రాలేదు. వాళ్ళను ఒక్క మాట అననివ్వలేదు. "వాండ్ల మొకం వాండ్లిష్టం. నేను నా ఒక్క మొకానికే జిమ్మేదారి" అనేది. మెడ సాచి తొంగిచూసేవాళ్ళతో, "ఎనుకున్నదాన్నేం జూస్తవు? ముంగటున్న గద, నన్నడుగు" అనేది. అడిగినవాడికి మొదటి నుంచి చివరిదాకా కథ చెప్పేది. పోలీసు జవాను వచ్చి కర్ర ఆడించినా కదల్లేదు. నేనూ సద్దిగిన్నె పట్టుకొని పక్కనే నిలబడ్డాను. నా నౌకరీకి మంచిది కాదని బడిలో పెద్దలు చెప్పి చూశారు. నా జన్మలో నేను చేసిన మంచి పనుల్లో ఆ నిలబడడం ఒకటని ఇప్పటికీ అనుకుంటాను.

దొర తన కోటలాంటి గడీకి రమ్మని కబురు పెట్టాడు. "కౌలు కావాల్నా, ఫోటో దించాల్నా?" అని అడిగాడట. "కౌలు నువ్విచ్చినవు దొరా, తీసుకో. మొకం నువ్వియ్యలే" అని చెప్పి గడీ మెట్లు దిగి వచ్చేసింది. ఆ యేడే భూమి పోయింది. ఆమె ఏళ్ళ తరబడి రాళ్ళు ఏరి, ఎరువు మోసి మెత్తగా చేసుకున్న భూమి. నాకు ఆ కోపం ఇంకా చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు.

కొన్ని వారాలకు ఫోటోగ్రాఫరే బయటికి వచ్చి, అద్దాల బీరువా తెరిచి ఫోటో దింపాడు. దొర ఇంటి పనులు మళ్ళీ అతనికి రాలేదు. అయినా గడీ గోడ మీద ఇంకో ప్రతి అలాగే వేలాడుతోంది. దాన్ని ఆమె దింపించలేకపోయింది. గడీ గోడలు కూడా మట్టివే కదా, చూద్దాం.

ఫోటో దింపిన రోజున అతను చేతులు కట్టుకొని, "అక్కా, నీ ఇష్టంతోని ఒక్కటి తియ్యనా? నువ్వెట్ల జెప్తే గట్ల" అన్నాడు. మేనత్త అతని ముఖంలోకి చూసింది. "ఒక్కటే తియ్యాలె. నాకే ఇయ్యాలె. మల్ల అచ్చులు తీసే గాజు పలక నా ముంగటనే పలగ్గొట్టాలె" అంది. ఒప్పుకున్నాడు, మాట తప్పలేదు. ఆ ఫోటో ఆమె పెట్టెలో బట్టల కింద ఉండేది. ఎప్పుడైనా తీసి, ఒక్కతే చూసుకొని దాచేది.

నాకూ తన కొడుక్కీ ముందే చెప్పి పెట్టింది. "నేను పోయినంక దండేసి గోడకు కొట్టకుండ్రి. గది నేను జూసుకునెటందుకు."

"పోయినంక నీకేం తెలుస్తదత్తా?" అని వేళాకోళమాడాను.

"తెల్వదు. గప్పుడు నన్ను అడుగస్తదా మీకు? అడుగరానప్పుడు ఎట్ల తీసుకుంటరు?"

ఎవరైనా జవాబు చెప్పగలిగితే చెప్పండి. 

కాటికి తీసుకుపోయే ముందు చుట్టాలు ఆ పెట్టె తెరిపించారు. మనిషి గుర్తుగా ఒక్కటైనా మిగలొద్దా అని కొడుకును నిలదీశారు. వాడు ఏడుస్తూ ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టాడు. చూపొద్దంది గాని చెప్పొద్దనలేదు కనుక చెబుతున్నాను. కుర్చీ లేదు, పట్టుచీర లేదు. దొర భూమి పోయింది కనుక మా నాన్న మడిలో పిక్కల దాకా బురదలో దిగి, చీర అప్పటిలాగే మోకాళ్ళ పైకి దోపుకొని, చేతిలో నారుకట్టతో నిటారుగా నిలబడింది. చూసేవాడి కళ్ళలోకి సూటిగా చూస్తోంది.

చితి మీద ఆ ఫోటోను ఆమె గుండెల మీద బోర్లించి, దాని మీద ఆమె చేయి పెట్టాను.