మా కోడలి మాటను నేను మార్చి చెప్పాను

ఎదురింటి గోడ మీదికి కొండముచ్చులు వచ్చిన రోజు అది. గల్లీలో పిల్లలంతా బయటికి ఉరికి, వేళ్ళు చూపిస్తూ కేకలు పెట్టారు. మా మనుమరాలు శ్రావణికి అప్పుడు ఏడాదిన్నర. గడప దగ్గర కూర్చుని గిన్నె మూత తిప్పుకుంటోంది. మా కోడలు లావణ్య దాని గడ్డం పట్టుకుని గోడవైపు తిప్పింది. వదలగానే పిల్ల చూపు మళ్ళీ మూత మీదికే పోయింది.

"అత్తమ్మా, పేరు వెట్టి పిలిచినా చూస్తలేదు. నాకు గుబులైతుంది," అంది.

"బిస్కిట్ పుడా చప్పుడైతే లోపలికెంచి ఉరికొస్తది. చెవులు మంచిగనే ఉన్నయి. మీ ఆయన మూడేండ్లు నిండినంక నోరు తెరిచిండు. ఇప్పుడు ఆగుమంటె ఆగుతుండా?" అన్నాను.

నిజానికి ఆ పిల్లను చూస్తే నాకు గర్వంగా ఉండేది. బజారుకు ఎత్తుకుపోతే ఏదీ కావాలనదు, మారాం చేయదు. ఒక్కతే గంటల తరబడి ఆడుకుంటుంది. పెంచితే ఇట్లా పెంచాలని పక్కింటివాళ్ళకు చెప్పేదాన్ని.

నా సంగతి కొంత చెప్పాలి. నేను చదివింది నాలుగో తరగతి, సరిహద్దు అవతల తెలంగాణలో నేను పుట్టిన ఊళ్ళో, తెలుగులో. పెళ్ళయి మహారాష్ట్రలోని నాందేడ్ వచ్చాక కూరగాయల గంప ముందు కూర్చుని మరాఠీ నేర్చుకున్నాను. మా గల్లీలో తెలుగు ఇళ్ళే ఎక్కువ. రేషన్ కార్డుకైనా, తహసీల్ ఆఫీసులో దాఖలా సర్టిఫికెట్‌కైనా, దవాఖానకైనా కొత్తగా వచ్చిన కోడళ్ళు నన్నే వెంట తీసుకుపోతారు. వాళ్ళు తెలుగులో చెబుతారు, నేను అటువైపు మరాఠీలో చెబుతాను. లావణ్య నిజామాబాద్ దగ్గరి పల్లె పిల్ల. అప్పటికి ఆమెకు మరాఠీ ఒక్క ముక్క రాదు.

ఆమె పట్టు వదలకపోతే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే అడిగాడు. పిలిస్తే తిరిగి చూస్తుందా? కళ్ళలోకి చూస్తుందా? బొమ్మకు ఉత్తుత్తిగా తినిపిస్తుందా? కావలసింది వేలుతో చూపిస్తుందా?

నేను లావణ్యను తెలుగులో అడిగాను.

"పిలిస్తె చూడది. వేలు వెట్టి చూపియ్యది అత్తమ్మా. నా చెయ్యి గుంజుకపోయి డబ్బా మీద వెడ్తది. నా మొఖం దిక్కు సుత చూడది."

నేను డాక్టర్ వైపు తిరిగి, "చూపిస్తుంది సాహెబ్," అని మరాఠీలో చెప్పాను.

ఎందుకన్నానంటే, వెనక బెంచీ మీద మా గల్లీ మరాఠీ ఆడవాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. మా ఇంటి పిల్లకు ఏదో లోపం ఉందని వాళ్ళు వినకూడదు. ఊరికే టెస్టులు రాస్తాడేమోనని కూడా అనిపించింది. చేయి గుంజినా వేలు చూపినా అడగడమే కదా, లావణ్య చిన్నదాన్ని పెద్దది చేస్తోంది అనుకున్నాను. పిలిస్తే చూడదు అన్నదాన్ని "ఒక్కోసారి చూడదు" అన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు తోచలేదు. కోడలి మాటను సరిచేస్తున్నాననే అనుకున్నాను.

"ఇప్పటికైతే పెద్ద అనుమానం లేదు. మాటలు రాలేదు కాబట్టి హియరింగ్ టెస్ట్ చేయించండి. మూడు నెలలకు మళ్ళీ తప్పకుండా చూపించండి," అన్నాడాయన.

"ఏమన్నడు అత్తమ్మా?"

"ఏం లేదన్నడు. నడువ్."

చెవి పరీక్షకూ పోలేదు, మూడు నెలలకు మళ్ళీ చూపించనూ లేదు. రెండేళ్ళు అట్లాగే గడిచాయి. మాటలు వస్తాయని వసకొమ్ము అరగదీసి పిల్ల నాలుకకు రాశాను. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బయట మరాఠీ వింటుంటే పసిది ఏ మాట పట్టుకుంటుందని అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పాను. లావణ్య ఫోన్‌లో ఏదో చదివి భయపడితే, "ఫోన్ల చూసి చూసి నీకే దిమాక్ ఖరాబైంది," అని కసిరాను. ఆమె అడగడం మానేసింది.

మూడున్నరేళ్ళకు బాల్వాడీ బడిలో వేశాం. నెల తిరగకముందే అక్కడి టీచరు బాయి నన్ను పిలిపించింది. పిల్ల తోటివాళ్ళతో కలవడం లేదని, గంట కొడితే చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకుంటోందని, పెద్ద దవాఖానలో చూపించమని చెప్పింది.

అక్కడ ముందు బెరా అనే చెవి పరీక్ష చేశారు. అది నార్మల్. తర్వాత ఒక డాక్టరమ్మ పిల్లను చాలాసేపు గమనించింది. సబ్బు బుడగలు ఊదింది, వెనక నుంచి పేరు పెట్టి పిలిచింది, బొమ్మను దాచింది. ఆ తర్వాత మళ్ళీ అవే ప్రశ్నలు. అలవాటు కొద్దీ నేనే నోరు తెరిచాను. లావణ్య నా చేతి మీద చెయ్యి వేసింది.

"నేను చెప్త అత్తమ్మా."

బాల్వాడీ గేటు దగ్గర ఆడవాళ్ళతో మాట్లాడి ఆమె కొంత మరాఠీ పట్టుకుంది. తప్పుల మరాఠీయే. "నాహీ. బోట్ దాఖవత్ నాహీ," అంది. వేలు చూపించదు అని. డాక్టరమ్మకు అర్థమైంది.

అప్పుడామె మేం తెచ్చిన మొదటి డాక్టర్ కాగితం తిరగేసింది. "ఏడాదిన్నరప్పుడు వేలుతో చూపించేదని రాసి ఉందే? మధ్యలో పోయిందా? అయితే ఫిట్స్ ఉన్నాయేమో, మెదడుకు ఈఈజీ పరీక్ష తీయాలి," అంది.

లావణ్య నా ముఖం చూసింది.

"లేదు మేడం. అప్పుడూ చూపించలేదు. ఈమె ఉన్నదే చెప్పింది. నేను మార్చాను," అన్నాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అవ్వా, ఇది ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్. మీ పెంపకం వల్ల వచ్చింది కాదు, మూడు భాషల వల్ల కూడా కాదు. కానీ దీన్ని పట్టిచ్చే రక్త పరీక్ష లేదు, స్కాన్ లేదు. మేం పిల్లను చూస్తాం, ఇంట్లోవాళ్ళను అడుగుతాం. మీరు చెప్పిన మాటే మాకు రిపోర్ట్."

తిరిగి వస్తుంటే ఆటోలో లావణ్య ఒక్కటే మాట అంది. "మీరు ఏం లేదన్నడంటె నమ్మిన అత్తమ్మా. నాకే దిమాక్ ఖరాబైందనుకున్న."

స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మొదలయ్యాయి. మొదట్లో పిల్ల కొరికేది, రక్కేది. వానాకాలంలో జ్వరంతో నెల రోజులు పోలేకపోతే, నేర్చుకున్న నాలుగు ముక్కలూ పోయాయి. మళ్ళీ మొదటికొచ్చాం. ఇప్పుడు దానికి ఐదున్నరేళ్ళు. బొమ్మల కార్డు తెచ్చి చేతిలో పెట్టి నీళ్ళు అడుగుతుంది. పది మాటల దాకా వచ్చాయి. రెండేళ్ళ ముందు మొదలుపెట్టి ఉంటే ఎన్ని వచ్చేవని డాక్టరమ్మను అడిగాను. చెప్పలేనంది. ఎన్నో వచ్చేవి అని చెప్పినా బాగుండేది, తిట్టు తిన్నట్టు ఉండేది. తెలియకపోవడమే నన్ను తింటోంది. గల్లీలో ఎంతమంది కోడళ్ళ మాటలు ఇట్లా సరిచేశానో అని కూడా ఆలోచిస్తాను.

ఇప్పుడు దవాఖానలో లావణ్య ముందు కూర్చుంటుంది, నేను సంచీ పట్టుకుని వెనక కూర్చుంటాను.

ఏడాదిన్నర దాటినా పిల్ల పేరుకు తిరగకపోతే, వేలు చూపకపోతే ఆగకండి. ఇంట్లో ఎట్లా ఉంటుందో ఫోన్‌లో వీడియో తీసుకుపోయి డాక్టర్‌కు చూపించండి. తల్లికి అక్కడి భాష రాకపోతే, ఆమె అన్నది అన్నట్టు చెప్పేవాళ్ళను, డాక్టర్ అన్నది అన్నట్టు తిరిగి చెప్పేవాళ్ళను తోడు తీసుకుపోండి. నాలాంటి పెద్దవాళ్ళకు నేను చెప్పేది ఇదే: తల్లి భయం వట్టిదే అయితే, ఆ మాట డాక్టర్‌ను చెప్పనివ్వండి.