ముల్లు కింద మిగిలేది

టాక్సీ స్టాండుకి కొత్తగా వచ్చినవాళ్లు ఆయనకి అసలు పేరంటూ లేదేమో అనుకుంటారు. చిన్నా పెద్దా అందరికీ ఆయన రిజర్వు బాబాయే. ఆ పేరు ఊరికే రాలేదు. వయసంతా డీజిల్ కారు నడిపిన మనిషికి ట్యాంకు నిండుగా కొట్టించడం మాత్రం చేతకాలేదు. ముల్లు ఎర్రగీత దాటి అడుగుకి ఆనుకున్నాక కూడా ఇంకో బేరం ఒప్పుకుని, వెళ్లి, తిరిగొచ్చి, అప్పుడు తీరిగ్గా బంకుకి బయల్దేరేవాడు. "ముల్లు కింద ఇంకా ఉంటుందిరా! కంపెనీవాడు కూడా మనిషే కదా, మనలాంటి మతిమరుపు మేళం కోసం కొంత దాచే ఉంచుతాడు" అనేవాడు. ఆయన బండి ఒక్కసారంటే ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. ఆ సంగతి ఆయనే రోజూ గుర్తుచేసేవాడు కాబట్టి ఎవరూ మరిచిపోయే వీల్లేదు.

పాత డీజిల్ టాక్సీలకి ఇక పర్మిట్ పొడిగించేది లేదని ఆఫీసువాళ్లు తేల్చి చెప్పాక, ముందుగా బాబాయి బండికే వంతు వచ్చింది. కొన్నాళ్లపాటు కరెంటు కార్లని నోటికొచ్చినట్టు తిట్టిపోశాడు. "చప్పుడు లేని బండీ ఒక బండేనా? వెనకనుంచొచ్చి గుద్దినా గుద్దించుకున్నవాడికి తెలీదు" అన్నాడు. కూతురు నచ్చజెప్పి, సెలవు పెట్టి వచ్చి, దగ్గరుండి కొనిపించింది. కొన్న మర్నాటినుంచీ అదే నోటితో దాన్ని పొగడటం మొదలుపెట్టాడు. గేర్లు లేవట, ఆయిలు మార్చక్కర్లేదట, కడుపులో నీళ్లు కదలకుండా పోతుందట. మీసాల తమ్ముడని ఇంకో డ్రైవరున్నాడు. అతని డీజిల్ బండికి ఇంకా కొంత గడువుంది. అతన్ని చూస్తే చాలు, "ఏరా, ఇంకా ఆ కుంపటినే మోస్తున్నావా?" అని అడగందే బాబాయికి టీ గొంతు దిగేది కాదు.

స్టాండులో చెప్పని సంగతులు కూడా ఉన్నాయి. ఆయనుండేది రెండో అంతస్తులో. వంటింటి కిటికీలోంచి లావుపాటి తీగ కిందికి వేలాడదీసి, రాత్రంతా బండికి కరెంటు ఎక్కిస్తాడు. ఆ తీగ కింది వాటావాళ్ల గుమ్మం పక్కనుంచే పోవాలి. మొదటివారమే కింది వాటాయన "ఏమండీ, పిల్లలు తిరిగే చోటు" అని మెల్లగానే అన్నాడు. బాబాయి మెల్లగా ఊరుకునే రకమా? "మీ పిల్లల్ని మీరు చూసుకోండి, నా తీగని నేను చూసుకుంటా" అనేశాడు. ఆనాటినుంచీ ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడితే గోడలు చూసుకుంటూ వెళ్తున్నారు.

దారిలో ఉండే చార్జింగ్ మిషన్లతో ఆయనకి అంతకన్నా పెద్ద చిక్కు. అవి ఫోన్లోంచి నడుస్తాయి. ఆ యాప్ పెట్టుకోవడం, దానికి పేరూ ఊరూ చెప్పడం, అది పంపిన అంకెల్ని మళ్లీ దానికే అప్పగించడం బాబాయికి ఎంతకీ కొరుకుడు పడలేదు. చివరికి కూతురు తన ఫోన్లోనే, తన పేరు మీదే పెట్టేసుకుంది. బాబాయి మిషను ముందు నిలబడి దానిమీది నంబరు చదివి వినిపిస్తే, ఇంకో ఊళ్లో నర్సుగా పనిచేస్తున్న ఆ పిల్ల అక్కడ నొక్కేది, ఇక్కడ కరెంటు ఎక్కేది. స్టాండులో మాత్రం "ఏముందిరా, రెండు నొక్కులు" అని చిటిక వేసి చూపించేవాడు.

ఒక సాయంత్రం మందులషాపు అక్కగారు ఫోన్ చేసింది. సందు చివర మందులషాపు ఆవిడదే. బాబాయికి పాత బేరం. జ్వరమొచ్చినా, మోకాలు నొప్పన్నా ముందు ఆవిడ దగ్గరికే పరిగెడతాడు. ఆవిడా ఎక్కడికి వెళ్లాలన్నా ఈయన బండి తప్ప ఇంకోటి ఎక్కదు.

"తమ్ముడూ, రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్లాలి. కొండ దాటి అవతల. మా చెల్లెలికి గుండె ఆపరేషన్."

ఆ అక్కచెల్లెళ్లకి మాటల్లేవని సందులో అందరూ ఎరుగుదురు. తల్లి మంచాన పడ్డప్పుడు ఎవరు చూసుకోవాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, తల్లి పోయి ఏళ్లు గడిచినా ఆ తెగిన దారం తెగినట్టే ఉండిపోయింది.

"అదే ఫోన్ చేసింది" అంది అక్కగారు. "లోపలికి తీసుకెళ్లేముందు ఒక్కసారి నీ మొహం చూస్తే ధైర్యంగా ఉంటుందక్కా, అంది. పది దాటితే తీసుకెళ్లిపోతారట. నీ బండి అంతదూరం వస్తుందా? రాదంటే చెప్పు, ఇంకెవరినైనా చూసుకుంటా."

"భలేవారే! ఇంకెవరో ఎందుకక్కగారూ? నేనుండగా!"

తీరా బండి పెట్టుకుందామని ఇంటికొస్తే, ఆయన చోట్లో ఇంకెవరిదో కారుంది. కింది వాటావాళ్ల ఇంటికి చుట్టాలొచ్చినట్టున్నారు, లోపలినుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. బాబాయి రోడ్డుకి అటుపక్క బండి పెట్టి, తీగ లాగి చూశాడు. అందలేదు. తలుపు కొట్టి "కొంచెం ఆ కారు పక్కకి తీస్తారా?" అంటే సరిపోయేది. గుమ్మం దాకా వెళ్లాడు కూడా. చెయ్యెత్తి, దించేశాడు. ఆ రోజు అన్న మాటలు గుర్తొచ్చాయి. ఇప్పుడు తగుదునమ్మా అని వెళ్లి అడగడానికి మొహం చెల్లలేదు. బండిలో సగం పైగానే ఉంది కదా, దారిలో మిషనుంది కదా, అదీ కాకపోతే ముల్లు కింద ఎప్పుడూ ఉండేది ఉండనే ఉంటుంది కదా అనుకుని మెట్లెక్కేశాడు. ఈ బండికి ముల్లే లేదన్న సంగతి ఆయనకి తట్టనేలేదు.

పొద్దున బయల్దేరినప్పుడు ఏసీ హాయిగా ఉంది. "ఎంత చల్లగా ఉంది తమ్ముడూ నీ బండి!" అంది అక్కగారు వెనకసీట్లో సర్దుకుంటూ. ఒళ్లో ఒక సంచి. అందులో చెల్లెలికోసం మెత్తటి శాలువా, చిన్నప్పటి ఫొటో ఒకటి. దారంతా ఏమేం మాట్లాడాలో తనలో తనే అనుకుంటోంది. "ముందు నేనే మాట్లాడేస్తా. తప్పు నాదేనని చెప్పేస్తా. ఎవరిదైతే ఏం, ఈ వయసులో!" అని పైకే అనేసింది ఒకసారి.

బాబాయికి ఆ మాటలు చెవికెక్కడం లేదు. కళ్లెదుట తెరమీద అంకె దిగిపోతోంది. వెళ్లిన దూరానికీ దిగిన అంకెకీ పొంతనే లేదు. ఊళ్లో తిప్పే బండిని పెద్దరోడ్డు మీద తరిమితే ఎక్కువ తాగుతుందని కూతురు చెప్పింది, కానీ చెప్పినవన్నీ వింటే ఆయన రిజర్వు బాబాయి ఎందుకవుతాడు? చెయ్యి ముందుకి చాపి ఏసీ ఆపేశాడు.

"ఏమైంది తమ్ముడూ?"

"ఏసీ మొరాయిస్తోందక్కగారూ. కొత్తబండి కదా."

అది మొదటి అబద్ధం. అక్కగారు అద్దం దించుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ తన మాటల్లో పడిపోయింది.

కొండకి ఇవతల చార్జింగ్ మిషన్లు రెండున్నాయి. ఒకదానికి టార్పాలిన్ పట్టా చుట్టి తాడు కట్టేశారు. రెండోది ఖాళీగానే ఉంది. బాబాయి ప్రాణం లేచొచ్చింది. కూతురికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, వార్డులో డ్యూటీ ఉన్నంతసేపూ ఫోను లాకర్లో పెట్టేస్తుంది ఆ పిల్ల. రాత్రే చెప్పి ఉంటే ఏదో దారి చూసేది. చెప్పలేదు. చెబితే "నాన్నా, ఇంటిదగ్గర ఎందుకు పెట్టలేదు?" అని అడుగుతుంది, ఆ కథంతా విప్పాలి.

మిషను మీదున్న గుండ్రటి బటన్లూ గళ్ల బొమ్మా అన్నీ ఒకటొకటిగా నొక్కాడు. గోడకి చెప్పినా ఒకటే, దానికి చెప్పినా ఒకటే.

"ఏమంటోంది?" అని కారులోంచి అడిగింది అక్కగారు.

"పాడైందక్కగారూ. రెండూ పాడే. బాగుచేసేవాళ్లు వస్తున్నారట."

ఆ మాట ఆయన నోట్లో ఉండగానే ఇంకో కరెంటు కారొచ్చి పక్కన ఆగింది. అందులోంచి ఒకాయన దిగి, జేబులోంచి ఫోను తీసి, మిషనుకి చూపించి, తీగ తగిలించి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. పచ్చదీపం వెలిగింది. బాబాయి గబుక్కున జరిగి ఆ దీపానికి అడ్డంగా నిలబడ్డాడు. పళ్లూడే వయసులో, బెల్లంముక్క దాచిపెట్టిన పిల్లాడిలా వీపు ఆనించుకుని నిలబడ్డాడు. అక్కగారు అటువైపు చూసింది. చూసి, రోడ్డువైపు మొహం తిప్పుకుంది.

ఆ వచ్చినాయన్ని అడిగితే పోయేది. అది బాబాయికీ తెలుసు. టీ బడ్డీ దాకా వెళ్లాడు, ఆయన పక్కనే బల్లమీద కూర్చున్నాడు, ఎండ ముదురుతోందండీ అన్నాడు, ఔనండీ అనిపించుకున్నాడు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఊళ్లో చిటికెలు వేసే మనిషికి 'నాకు రాదు' అనడం అంత కష్టమైంది. ఆయన టీ తాగేసి, బండి దగ్గరికెళ్లి తీగ విప్పుతుంటే, అప్పుడు పరుగున వెళ్లి "బాబూ, కొంచెం నాకూ..." అని చేతులు నలుపుకున్నాడు. ఆయన మారుమాట్లాడకుండా తన ఫోన్లోంచే నొక్కి మిషను నడిపించి, దండం పెట్టబోతే వద్దని చెయ్యూపి వెళ్లిపోయాడు. దానికి నిమిషం కూడా పట్టలేదు.

"బాగుచేసేశారక్కగారూ" అన్నాడు బాబాయి ఆవిడ వైపు చూడకుండా.

"మంచిది" అంది అక్కగారు. చేతిగడియారం చూసుకుంది.

అన్నంలో ఉప్పు చల్లినంత ఎక్కించుకుని బయల్దేరారు. కొండ ఎక్కుతుంటే ఆ కాస్తా ఆవిరైపోయింది. సగం ఎక్కేసరికి తెరమీద ఒక తాబేలు బొమ్మ వెలిగింది. ఎంత తొక్కినా బండి నడక దాటి కదలనంది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి, పక్కనుంచి పోతూ ఒకడు తల బయటపెట్టి ఏదో అరిచాడు. దాచిపెట్టినది ఇప్పుడైనా బయటికొస్తుందని బాబాయి ఎదురుచూశాడు. ఈ కంపెనీవాడు ఏమీ దాచలేదు. కొండమీదికి ఎలాగో ఈడ్చుకొచ్చి, అవతల దిగుడులో జారి, ఆసుపత్రి గేటు చేరేసరికి పది ఎప్పుడో దాటిపోయింది.

అక్కగారు పరిగెత్తలేని కాళ్లతో పరిగెత్తింది. బాబాయి సంచి పట్టుకుని వెనకే వెళ్లాడు. ఆపరేషన్ గది బయట బెంచీమీద చెల్లెలి కొడుకు ఒక్కడే ఉన్నాడు. లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడే తీసుకెళ్లారు పెద్దమ్మా. చివరిదాకా ఈ తలుపు వైపే చూసింది." అతను బెంచీ చూపించాడు, కూర్చోమని. "అక్క కోపం ఇంకా తగ్గలేదన్నమాట, అంది."

అక్కగారు గోడ పట్టుకుంది. సంచి పట్టుకున్న బాబాయికి తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు చెప్పాలి. దారిలో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, అంతా తన నిర్వాకమేనని ఈ కుర్రాడికి చెప్పాలి. నోరు తెరిచాడు.

"నాదే తప్పు నాన్నా" అంది అక్కగారు. "షాపు తాళాలవీ చూసుకుంటూ ఆలస్యంగా బయల్దేరాను. పాపం, ఈ తమ్ముడు తొందరపెడుతూనే ఉన్నాడు."

బాబాయి తెరిచిన నోరు మూసేశాడు. భూమి చీలినా బావుండుననిపించింది. తిడితే పడేవాడు. అందరిముందూ చెంప పగలగొట్టినా నిలబడేవాడు. పొద్దుటినుంచీ అబద్ధాలమీద అబద్ధాలు ఆడింది తను, చివరి అబద్ధం మాత్రం ఆవిడ ఆడింది, తనకోసం. దాన్ని కూడా తను నోరెత్తకుండా తీసుకున్నాడు. అన్నిటికన్నా అదే ఆయన్ని ఎక్కువ కాల్చింది.

ఆపరేషన్ బాగానే అయింది. సాయంత్రానికి అద్దంలోంచి చూడనిచ్చారు. గొట్టాల మధ్య చెల్లెలు కళ్లు మూసుకుని ఉంది. రేపటికిగానీ తెలివి రాదన్నారు. అక్కగారు శాలువా నర్సు చేతికిచ్చి, ఫొటో మాత్రం మళ్లీ సంచిలో పెట్టుకుంది. ఈలోగా కూతురు డ్యూటీ దిగి ఫోన్ చేస్తే, బాబాయి ఆసుపత్రి ఆవరణలోని మిషను నంబరు చదివి వినిపించి, చాలినంత ఎక్కించుకున్నాడు.

తిరుగుప్రయాణానికి అక్కగారు ముందు తలుపు తీసి, బాబాయి పక్కన కూర్చుంది. ఇన్నేళ్లలో ఆవిడ ముందుసీట్లో కూర్చున్నది లేదు. తెరమీది అంకెని కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

కొండ దిగాక బాబాయి బండి నెమ్మది చేశాడు.

"ఆ మిషను పాడవలేదక్కగారూ" అన్నాడు బాబాయి. "ఏసీ కూడా. నాకే... అది నొక్కడం నాకు రాదు."

"తెలుసు తమ్ముడూ. నీ వెనక దీపం కనిపిస్తూనే ఉంది."

"మరి అప్పుడే అడగలేకపోయారా?"

"అడిగితే నువ్వు ఇంకో అబద్ధం ఆడాలి కదా." కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "రేపు దానికి తెలివొచ్చేసరికి నేను దాని ఎదురుగా ఉండాలి. నీ బండి వస్తుందా?"

'నేనుండగా' అన్న మాట నాలుక చివరికి వచ్చింది. బాబాయి దాన్ని మింగేశాడు.

"తెలీదక్కగారూ. రాత్రి కరెంటు ఎక్కితే వస్తుంది. ఎక్కుతుందో లేదో ఇంకో గంటలో చెబుతా. ఎక్కకపోతే మా మీసాల తమ్ముడి డీజిల్ బండి మాట్లాడి పంపిస్తా. వాడే తీసుకెళ్తాడు."

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. ఆయన చోట్లో ఆ చుట్టాల కారు ఇంకా ఉంది. బాబాయి మెట్లవైపు చూడకుండా నేరుగా కింది వాటా తలుపు కొట్టాడు. కింది వాటాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు తీశాడు.

"అయ్యా, మొన్న నేనన్న మాటలు తప్పు. కొంచెం ఆ కారు పక్కకి తీయిస్తారా? పొద్దున ఒకావిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాలి."

"అయ్యో, దానికేముందండీ!" అని ఆయన లోపలికి కేకేశాడు, కారు తాళాలు పట్టుకురమ్మని. మళ్లీ బాబాయి వైపు తిరిగి, "నిన్న రాత్రే అడగాల్సింది కదండీ. మీ బండి రోడ్డుమీద ఉండటం చూసి, అడుగుతారేమోనని మేం పడుకోకుండా కూర్చున్నాం" అన్నాడు.