ముట్టుకోకండి మాస్టారి బటన్లు

"ముట్టుకోకండి" అనకుండా ఆయనకు ఒక్క పూట గడవదు. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాసే ఆ ఆఫీసులో అందరికన్నా పాత ఉద్యోగి ఆయనే. అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ముట్టుకోకండి మాస్టారే. ఒకసారి కాఫీ మెషిన్ గుర్రుగుర్రుమంటోందని మెకానిక్‌ను పిలిపించారు. "కాఫీ వస్తోందా? వస్తోంది. మరి ముట్టుకోకండి" అని మాస్టారు అతన్ని గుమ్మంలోంచే సాగనంపారు. మెషిన్ ఇప్పటికీ గుర్రుమంటూనే ఉంది.

ఆయన రాసిన పాత స్క్రీన్లు చూసి, కొత్తగా చేరిన టీమ్ లీడ్ అమ్మాయికి కళ్ళు తిరిగాయి. సేవ్ బటన్ ల్యాబ్ స్క్రీన్‌లో కుడి చివర, ఇంకోదాంట్లో ఎడమ పక్కన పైన. మందుల కౌంటర్‌లో అది అరచేయంత ఉంది. పేర్లు నమోదు చేసుకునే స్క్రీన్‌లోనైతే దానిమీద "అయిపోయిందండీ, ఇక నొక్కండి" అని రాసుంది. లోపల కోడ్ కూడా అంతే, ఒకరంటే ఒకరికి పడని తోడికోడళ్ళ కాపురంలా ఉంది.

"తిరగరాయాలో వద్దో సాయంత్రంలోగా తేల్చు" అన్నాడు బాస్. ఆమెకు అప్పగించిన మొదటి నిర్ణయం అది. తేడా వస్తే ఆసుపత్రి కౌంటర్లు ఆగిపోతాయి, ఆ నింద ఆమెమీదే పడుతుంది.

"మాస్టారూ, అన్ని స్క్రీన్లలో బటన్ ఒకేచోట పెడదామండీ."

"ఎందుకమ్మా, నొక్కితే పనిచేయట్లేదా?"

"చేస్తోంది. కానీ చూడ్డానికి ఒక పద్ధతిగా లేదు కదా."

"మా ఇంట్లో మేం నలుగురం కూడా చూడ్డానికి ఒక పద్ధతిగా లేం. ముట్టుకోకండి."

ఇక ఈయనతో లాభం లేదనుకుని, ఆమె చక్కటి కొత్త స్క్రీన్ ఒకటి తయారుచేసి ఎదురుగా ఉన్న ఆసుపత్రికి పట్టుకెళ్ళింది. మందుల కౌంటర్‌లో పెట్టించి, పక్కనే నిలబడి చూసింది. కౌంటర్‌లో పెద్దావిడ సేవ్ నొక్కబోయి పక్కనున్న రద్దు నొక్కింది. బిల్లు మాయమైంది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ మాయమైంది. క్యూలో జనం గొణగడం మొదలుపెట్టారు.

"నా పాతది ఏదమ్మా?" అందావిడ. "కీళ్ళవాపు, వేళ్ళు నా మాట వినవు. మీ మాస్టారు చూసి, అడక్కుండానే బటన్ పెద్దది చేసిచ్చారు. ల్యాబ్ తమ్ముడికి ఎడం కన్ను ఆనదని అతనిది కుడిపక్కకి జరిపారు. పేర్లు రాసుకునే ఆయనకి కంప్యూటర్ అంటేనే దడ. అందుకే దాంతో అలా మర్యాదగా మాట్లాడించారు."

పాత స్క్రీన్ మళ్ళీ పెట్టించి ఆమె ఆఫీసుకు తిరిగొచ్చింది. మాస్టారి మీద ఉన్న విసుగంతా పోయి, దాని స్థానంలో ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది.

"నాకు ముందే చెప్పొచ్చు కదండీ?"

"వాళ్ళ కళ్ళ సంగతీ, వేళ్ళ సంగతీ మీటింగులో పెట్టి మాట్లాడుకుంటే బాగుంటుందా అమ్మా? ముట్టుకోవద్దంటే సరిపోతుంది కదా."

"అయితే సరే. బయట ఎవరి స్క్రీన్ వాళ్ళదే, ఒక్క బటన్ కూడా కదపను. లోపలి కోడ్ మాత్రం మొత్తం ఒక దారికి తెస్తాను. బాస్‌కి ఇదే చెప్తున్నా."

మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"లోపల నిక్షేపంగా ముట్టుకో తల్లీ. అందులో ఏం రాశానో నాకే అర్థంకాక ఏళ్ళయింది. ఎవరైనా కదిపితే మళ్ళీ అతికించడం నావల్ల కాదనే ఇన్నాళ్ళూ కాపలా కాస్తున్నా."

అని తన కుర్చీ పక్కకు జరిపి ఆమెకు చోటిచ్చారు.